చెంబెడు నీళ్లు

సైలెన్సర్ ముందు గొంతుక్కూర్చుని పొగ వాసన చూసే మనిషిని నేను మొదటిసారి చూసింది 2016 ఎండాకాలంలో. వర్నిలో మా ఇంటి ముందు, వేపచెట్టు కింద. అప్పటికి తెల్లారి ఆరు కూడా కాలేదు. జీపు మూడు కాళ్ల మీద కుంటే ఎద్దులా ఊగుతోంది. వెనక నుంచి తెల్లటి పొగ ముద్దలు ముద్దలుగా వస్తోంది. ఉస్తాద్ జేబులోంచి తెల్ల దస్తీ తీసి సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. పది లెక్కపెట్టేంత సేపు అలాగే ఉంచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ వాసన చూశాడు.

"డీజిల్ వాసన లేదు. జిడ్డు లేదు. తడి ఉన్నది," అన్నాడు. "కాకా, నీ బండి పెడుతున్నది పొగ కాదు. ఆవిరి."

నాన్న ఏమీ అనలేదు. అయిదు నెలల్లో మూడుసార్లు నాజిల్ మార్పించి, ఒకసారి పంపు క్యాలిబ్రేషన్ కట్టించిన మనిషి ఆయన. ముగ్గురు మేస్త్రీలు, మూడు షాపులు, ఒకే మాట: నాజిల్ పోయింది. ఇప్పుడీ నాలుగో మనిషి దస్తీ వాసన చూసి వేరే పాట ఎత్తుకున్నాడు.

చెరకు పైసల జీపు

మా తాత కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చింది నీళ్ల కోసం. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ కింద భూములు సాగులోకి రాగానే కోస్తా జిల్లాల రైతులు కుటుంబాలతో వచ్చి వర్ని, రుద్రూరు, కోటగిరి చుట్టూ దిగారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోట్లే తర్వాత ఊళ్లయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ పేరు చివర 'క్యాంప్' అని పెట్టుకునే ఉన్నాయి. 1937లో బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. మా ఇళ్లలో పెళ్లిళ్లయినా, బోర్లయినా, పిల్లల చదువులైనా చెరకు బిల్లు వచ్చాకే.

జీపు కూడా అలా వచ్చిందే. 1998లో ఒక సీజను పైసలతో నాన్న మహీంద్రా కమాండర్ కొన్నాడు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 2523 సీసీ. పొలానికి ఎరువు మోసింది, బోధన్ ఆస్పత్రికి గర్భిణుల్ని మోసింది, బడాపహాడ్ దర్గాకు భక్తుల్ని మోసింది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబర్ 23న లే ఆఫ్ నోటీసుతో ఆగిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో రోజువారీ పైసలు కళ్లజూపింది ఆ జీపు కిరాయే. అందుకే సరిగ్గా ఆ సంక్రాంతికి అది మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టేసరికి నాన్నకు నిద్ర పట్టలేదు.

మొదటి షాపులో నాజిళ్లు విప్పి టెస్టర్ మీద పెట్టారు. నేనూ పక్కనే ఉన్నాను. చేతి పంపు నొక్కితే మూడు నాజిళ్లు 'కిర్ర్' మని మంచులా చిమ్మాయి. మూడో సిలిండర్‌ది మాత్రం ముక్కు కారినట్టు చుక్కలు కార్చింది. కొత్తది వేశారు. బండి సాఫీగా నడిచింది. మార్చిలో మళ్లీ అదే కుంటుడు, అదే మూడో నాజిల్. రెండో షాపులో దాన్ని మార్చి, ఎందుకైనా మంచిదని పంపు కూడా క్యాలిబ్రేషన్ చేశారు. మే నెలలో మూడోసారీ అదే కథ. మళ్లీ కొత్త నాజిల్ వేసి రెండు వారాలు కాకముందే జీపు పొద్దున్నే స్టార్ట్ కానని మొరాయించింది.

అప్పుడు ఎవరో ఈ ఉస్తాద్ పేరు చెప్పారు. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. పని పోయాక బోధన్‌లో ఇంటి వాకిట్లోనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. "బండిని తోలుకురావద్దు. చల్లగా ఉన్నప్పుడు చూడాలె. నేనే వస్త," అన్నాడు ఫోన్లో. అప్పటిదాకా ఏ మేస్త్రీ అనని మాట అది.

ఎవరూ అడగని ప్రశ్న

దస్తీ మడిచి జేబులో పెట్టుకుని ఉస్తాద్ ముందుకు వచ్చాడు. బండి స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి, అంచుదాకా నీళ్లు నింపి పెట్టాడు. "తమ్మీ, ఇటు రా. ఏం కనబడుతుంది?"

నీళ్లలో బుడగలు. అన్నం ఉడికేటప్పటి బుడగల్లా కాదు, సన్నగా, వరుసగా, ఒకటి పగిలేలోపు ఇంకొకటి. ఇంజన్ ఇంకా వేడెక్కనే లేదు, నీళ్లు మరిగే ప్రసక్తే లేదు.

"గాలి పట్టి ఉంటుంది," అన్నాడు నాన్న.

"గాలి పడితే జరసేపు వచ్చి ఆగుతయ్. ఇవి ఆగుతలేవు." యాక్సిలరేటర్ కొంచెం తొక్కమన్నాడు. బుడగలు ఎక్కువయ్యాయి, అంచు నుంచి నీళ్లు పొర్లాయి. "ఇంజన్ గట్టిగ ఊదితే ఇవి గట్టిగ వస్తున్నయ్. అంటే ఊదుతున్నది ఇంజనే. కాకా, రోజుకు నీళ్లెన్ని తాగుతుంది?"

"మామూలే. పాత బండి కదా."

గడప దగ్గర నిలబడ్డ అమ్మ అప్పుడు నోరు విప్పింది. "మామూలేంటండీ? సంక్రాంతికి రెండు మూడు రోజులకోసారి గ్లాసుడు. ఉగాదికి అర చెంబు. ఇప్పుడు రోజూ చెంబు నిండా పోస్తున్నాను."

అమ్మ తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేశాక చెంబుతో జీపు రేడియేటర్లో నీళ్లు పోసేది. తులసికోటకు పోసినట్టే. అది ఇంటి పనుల్లో ఒక పని అయిపోయింది గనక ఎవరికీ రోగం గుర్తుగా తోచలేదు. ఉస్తాద్ బండి కిందకు దూరి చూశాడు. కింద మట్టి పొడిగా ఉంది. గొట్టాలు తడిమాడు, వాటర్ పంపు అడుగున వేలు పెట్టాడు. ఎక్కడా కారుడు లేదు.

"రోజుకు చెంబెడు నీళ్లు బండి లోపలికి పోతున్నయ్. బయటికి చుక్క వస్తలేదు. మరి ఏడికి పోతున్నయ్ అమ్మా?" అన్నాడు. జవాబు ఆయనే చెప్పాడు, సైలెన్సర్ వైపు చెయ్యి చూపించి.

తర్వాత డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఆయిల్ నల్లగానే ఉంది. "నీళ్లు ఆయిల్‌ల కలిస్తే పాలు పోసిన చాయ్ రంగు తిరుగుతుంది. అది కాలేదు. శుకర్," అన్నాడు.

వెంట్రుకకంటే సన్నని సందు

నాజిల్ అంటే ఏమిటో, గ్యాస్కెట్ అంటే ఏమిటో అప్పటిదాకా నాకు పేర్లుగానే తెలుసు. ఆ రెండూ ఒకే పొగ ఎందుకు పెడతాయో అర్థం కావాలంటే డీజిల్ ఇంజన్ గుట్టు కాస్త తెలియాలి.

పెట్రోల్ బండిలో నిప్పురవ్వ కోసం ప్లగ్గు ఉంటుంది. డీజిల్ బండికి అది లేదు. గాలిని పదిహేను, పద్దెనిమిది రెట్లు నొక్కేస్తే అదే అయిదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ కాలే గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో నడిపి చూపించిన ఇంజన్ సూత్రం ఇదే. కాకపోతే ఇంధనాన్ని చిమ్మడానికి ఆయన అధిక పీడనపు గాలిని వాడాల్సి వచ్చింది. దానికి పెద్ద కంప్రెసర్ కావాలి. అలాంటిది రోడ్డు బండిలో ఎక్కడ పడుతుంది? 1927లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపులు పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ లారీలకు దారి పడింది. మన దేశంలో ఆ పంపులు, నాజిళ్లు 1951లో బెంగళూరులో మొదలైన మైకోతో వచ్చాయి. ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా బోధన్ షాపుల్లో ఇప్పటికీ అది 'మైకో పంపే'.

నాజిల్ లోపల ఒక సూది ఉంటుంది. అది జారే సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుంది. పంపు నుంచి వచ్చే ఒత్తిడికి సూది లేచి, డీజిల్‌ను మంచు చేసి చిమ్మి, టక్కున మూసుకోవాలి. ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే ఒక్కో సూది వెయ్యిసార్లు ఆ పని చేయాలి. సూది అరిగినా, ఇరుక్కున్నా డీజిల్ చుక్కలుగా పడుతుంది. సగం కాలి నల్లపొగ, లేదంటే అసలు కాలక కళ్లు మండించే తెల్లపొగ. ఆ సిలిండర్ మిస్సింగ్ కొడుతుంది.

గ్యాస్కెట్ కథ వేరు. కింద సిలిండర్ల బ్లాకు, పైన హెడ్డు. రెంటి మధ్యా నలిగే పల్చటి రేకు లాంటిదే హెడ్ గ్యాస్కెట్. మంట వాయువును సిలిండర్‌లో, నీటిని నీటి దారిలో, ఆయిల్‌ను ఆయిల్ దారిలో అదే ఉంచాలి. నిప్పు, నీరు, నూనె వేలెడు దూరంలో పక్కపక్కనే కాపురం చేసే చోటు అది. ఆ రేకు ఒకచోట తెగితే ఇంజన్ నడిచేటప్పుడు వాయువు నీళ్లలోకి దూరుతుంది, అవే ఆ బుడగలు. ఇంజన్ ఆపాక రేడియేటర్లో మిగిలిన ఒత్తిడికి నీళ్లు సిలిండర్‌లోకి కారుతాయి. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి ఆవిరి, మిస్సింగ్.

పైకి కనిపించేది రెండు రోగాల్లోనూ ఒక్కటే: తెల్లపొగ, కుంటుడు. తేడా వాసనలో ఉంటుంది, తడిలో ఉంటుంది, చెంబులో ఉంటుంది. చలికాలం పొద్దున ఏ బండైనా కాస్త ఆవిరి వదులుతుంది, అది వేడెక్కాక ఆగిపోవాలి. మాది ఆగలేదు.

నాజిల్‌కు నిర్దోషి పత్రం

ఉస్తాద్ "గ్యాస్కెట్ కొట్టేసింది, హెడ్డు విప్పాలె" అనగానే నాన్న ముఖం మాడిపోయింది. హెడ్డు విప్పడమంటే నాజిల్ మార్చినట్టు గంట పని కాదు.

"ముగ్గురు నాజిల్ అన్నారు కదా ఉస్తాద్. ముగ్గురూ తప్పేనా?"

"నన్ను నమ్మకు కాకా. ఇద్దరం కలిసి బండినే అడుగుదాం."

ఇంజన్ నడుస్తుండగానే చిన్న పానా తీసి, పంపు నుంచి నాజిళ్లకు వెళ్లే సన్న గొట్టాల యూనియన్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. చెయ్యి దూరంగా పెట్టి, చుట్టూ గుడ్డ కప్పి. మొదటిది వదలగానే ఇంజన్ గొంతు పడిపోయింది, బిగించగానే లేచింది. రెండోదీ అంతే. మూడోది వదిలాడు. ఏ మార్పూ లేదు. నాలుగోది వదిలితే మళ్లీ గొంతు పడింది.

"మూడోది పనే చేస్తలేదు. అది లేకున్నా ఇంజన్‌కు తెలుస్తలేదు. వెనుకటి మేస్త్రీలు ఇక్కడిదాంక వచ్చిండ్రు. ఇక్కడ ఆగిండ్రు," అన్నాడు.

ఇంజన్ ఆపాడు. మూడో సిలిండర్ నాజిల్ విప్పి మొదటి దాంట్లో పెట్టాడు, మొదటిది తెచ్చి మూడో దాంట్లో. కింద రాగి వాషర్లు మాత్రం పాతవి వాడలేదు, రెండూ కొత్తవి వేశాడు. గొట్టాల్లో గాలి తీసి స్టార్ట్ చేయమన్నాడు.

"ఇప్పుడు చూడు. నాజిల్ దోషి అయితే రోగం దాని వెంట మొదటి సిలిండర్‌కు రావాలె. సిలిండర్ దోషి అయితే రోగం మూడో దాంట్లనే ఉండాలె."

యూనియన్లు మళ్లీ ఒక్కొక్కటే వదిలాడు. మొదటి సిలిండర్ శుభ్రంగా పలికింది. మూడోది మునుపటిలాగే మూగగా ఉంది. రోగం కదలలేదు. ఈసారి నాన్న ఏమీ అడగలేదు.

ఇంట్లోకి వెళ్లి నాన్న ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చాడు. విప్పేసిన మూడు నాజిళ్లూ అందులోనే ఉన్నాయి. రైతు ఇంట్లో ఇనుము పారేయరు. ఉస్తాద్ వాటిని గోనెపట్టా మీద వరుసగా పేర్చి, సూదులు లాగి చూశాడు. జీపుతో పాటు వచ్చిన మొదటి నాజిల్ సూది మొన అరిగి మెరుస్తోంది, తుప్పు లేదు. జనవరిలో వేసిందీ, మార్చిలో వేసిందీ మాత్రం సూదులు రానే రాలేదు. మొనల దగ్గర ఎర్రగా తుప్పు.

"మొదటి మేస్త్రీ అబద్ధం చెప్పలేదు కాకా. ఆ నాజిల్ వయసైపోయే పోయింది. ఈ రెండిటినీ చంపింది నీళ్లు," అన్నాడు.

విషయం అంతా అక్కడ ఉంది. టెస్టర్ మీద పెట్టినప్పుడల్లా మూడో నాజిల్ నిజంగానే చెడిపోయి కనిపించింది. షాపువాళ్లు మోసం చేయలేదు. రాత్రంతా తడిలో నానిన నాజిల్ రెండు నెలల్లో తుప్పు పట్టి పోతుంటే, హత్యకు గురైనదాన్నే ప్రతిసారీ హంతకుడని పట్టుకున్నారు.

మూడో రంధ్రం

ఆ రాత్రి రేడియేటర్ నిండా నీళ్లుంచి, బండిని ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. మర్నాడు చీకటితోనే వచ్చాడు. స్టార్ట్ చేయబోయిన నన్ను గట్టిగా కసిరాడు. "సిలిండర్‌ల నీళ్లు నిండి ఉంటే ఏమయితుందో ఎరుకనా? గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. పిస్టన్ పైకి పోయే జాగ లేక రాడ్ వంగుతుంది. అప్పుడు ఇంజన్ మొత్తం పోయినట్టే."

నాలుగు నాజిళ్లూ విప్పేశాడు. హెడ్డు మీద నాలుగు రంధ్రాలు మిగిలాయి. అందరినీ పక్కకు జరగమని, డీజిల్ రాకుండా బంద్ చేసి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు.

ఒకటి, రెండు, నాలుగు రంధ్రాల్లోంచి గాలి ఫస్ ఫస్ మని వచ్చింది. మూడో రంధ్రం లోంచి నీళ్లు. పిచికారీ కొట్టినట్టు లేచి బానెట్ అడుగున తగిలి చుక్కలు చుక్కలుగా రాలాయి. అమ్మ చెంబుతో పోసిన నీళ్లే అవి. నాన్న ఆ చుక్కల్ని వేలితో తుడిచి, కాసేపు వేలివైపే చూస్తుండిపోయాడు.

"విప్పు ఉస్తాద్," అన్నాడు.

మధ్యాహ్నానికి హెడ్డు లేచింది. నాలుగు పిస్టన్లు పై నుంచి కనిపించాయి. మూడు కాటుక పట్టిన దీపం సెమ్మెల్లా నల్లగా ఉన్నాయి. మూడో సిలిండర్ పిస్టన్ ఒక్కటే బూడిదతో తోమిన సత్తు గిన్నెలా తెల్లగా మెరిసింది. అయిదు నెలలుగా ఆవిరి దాన్ని కడుగుతూనే ఉంది. గ్యాస్కెట్ మీద మూడో సిలిండర్ చుట్టూ ఉన్న లోహపు అంచు నుంచి పక్కనున్న నీటి రంధ్రం దాకా నల్లగా కాలిన గీత. గోరు వెడల్పు కూడా లేదు. ఆ గీత కోసమే ఇన్ని నెలలుగా డబ్బులు ధారపోశాం.

గీత దగ్గర ఆగలేదు

కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేసి ఉంటే ఈ కథ రాయాల్సిన పని లేదు. ఉస్తాద్ హెడ్డును బోర్లించి, అడుగు శుభ్రంగా గీకి, ఉక్కు రూలుబద్దను అడ్డంగా పెట్టాడు. బద్దకు, హెడ్డుకు మధ్య ఫీలర్ గేజ్ పత్తీలు దూర్చి చూశాడు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పత్తీ దూరితేనే అనుమానించాలట. మూడో సిలిండర్ దగ్గర పదో వంతు పత్తీ జారిపోయింది.

"హెడ్డు వంగింది. వంగిన హెడ్డు మీద కొత్త గ్యాస్కెట్ వేస్తే మూడు నెలల్ల మళ్లీ నన్ను పిలుస్తవ్. కానీ హెడ్డు ఊరికెనే వంగదు. గరం ఎక్కితేనే వంగుతుంది. గరం ఎందుకు ఎక్కింది?"

రేడియేటర్ విప్పించాడు. ముందువైపు సందుల నిండా వరిపొట్టు, గడ్డి నుసి ఇటుకలా గట్టిపడి ఉన్నాయి. కోత మిషన్ల వెంట పొలాల్లో తిరిగిన బండి అది. గాలి దూరే దారే లేదు. పైన మూత దగ్గర లోపలికి టార్చి కొడితే గొట్టాల నోళ్లు తెల్లటి పొరతో సగం పూడుకుపోయి ఉన్నాయి. అమ్మ తొంగి చూసి వెంటనే గుర్తుపట్టింది. "ఇది మన నీళ్లు కాచే కాగు అడుగున పట్టే సున్నమే."

అదే. అంతకుముందు రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. నిజాంసాగర్ అడుగంటింది, కాలువ రాలేదు. తాగడానికైనా, పశువులకైనా, జీపుకైనా బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. కాచితే పొర కడుతుంది. రేడియేటర్ రోజూ కాగే కాగే కదా.

ఉస్తాద్ పానా నేల మీద పెట్టి వేళ్లు మడుస్తూ చెప్పాడు. వాన లేక బోరు నీళ్లు. బోరు నీళ్లకు సున్నం. సున్నానికి, పొట్టుకు గరం. గరానికి తోడు అరిగిన నాజిల్ చుక్కలు కార్చడం. ఆ రెంటికీ వంగిన హెడ్డు. హెడ్డుకు తెగిన గ్యాస్కెట్. గ్యాస్కెట్‌కు సిలిండర్‌లో నీళ్లు. నీళ్లకు తుప్పు పట్టిన నాజిల్. "మీరందరూ ఆఖరి వేలు పట్టుకుని గుంజుతున్నరు. మొదటి వేలు అక్కడ ఉన్నది," అని ఎండిన కాలువ వైపు చూపించాడు.

హెడ్డును నిజామాబాద్ తీసుకెళ్లి లేత్ షాపులో ఫేసింగ్ చేయించాం. పగుళ్లు లేవని పరీక్ష చేయించాకే వెనక్కు తెచ్చాం. రేడియేటర్ గొట్టాల్లో సన్న ఊచలు దూర్చి సున్నం రాల్చారు. కొత్త గ్యాస్కెట్ వేసేటప్పుడు ఉస్తాద్ బ్లాకు మీద బోల్టు రంధ్రాల్లో మిగిలిన నీటినీ, ఆయిల్‌నూ గుడ్డతో అద్ది తీశాడు. రంధ్రం అడుగున నీళ్లుంటే బోల్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది గానీ హెడ్డు నొక్కుకోదట. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు వెళుతూ, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో టార్క్ రెంచితో బిగించాడు. చపాతీని మధ్య నుంచి అంచులకు ఒత్తినట్టు. కొన్ని రోజులు నడిచాక మళ్లీ వచ్చి, చల్లటి ఇంజన్ మీద ఇంకోసారి బిగింపు సరిచూశాడు. ఇక బోరు నీళ్లు పోయొద్దని, కూలెంట్ కలిపిన మంచి నీళ్లే పోయాలని అమ్మకు చెప్పాడు. నాన్నకు కాదు.

పాత బండి ఉన్నవాళ్లకు

ఆ సెప్టెంబర్‌లో వానలు దంచి కొట్టాయి. మంజీర పొంగి నిజాంసాగర్ నిండింది. కాలువలో నీళ్లు వచ్చిన రోజు మేం జీపులోనే వెళ్లి చూసి వచ్చాం.

పాత జీపులు, ట్రాక్టర్లు, ఆటోలు నడుపుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా వేలల్లో ఉన్నాయి. వాళ్లకు ఉస్తాద్ మాటగా నాలుగు ముక్కలు చెబుతాను. రేడియేటర్లో రోజూ ఎన్ని నీళ్లు పోస్తున్నారో గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టండి. నీళ్లు తగ్గుతూ, కింద కారుడు లేకపోతే అది మామూలు కాదు. మూత తీసి చూడాలంటే పొద్దున చల్లటి ఇంజన్ మీదే తీయండి, వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన కొడతాయి. టెస్టర్ మీద చిమ్మే నాజిల్ ముందు వేలు పెట్టొద్దు, ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే గాయం చీమ కుట్టినంతే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఇక ఎవరైనా 'నాజిల్ పోయింది' అంటే, కొత్తది కొనేముందు పక్క సిలిండర్ నాజిల్‌తో మార్చి చూడమని అడగండి. దానికి రెండు రాగి వాషర్ల ఖర్చు తప్ప ఇంకేమీ కాదు.

ఆ మే నెలలో మూడోసారి వేసిన కొత్త నాజిల్‌ను ఉస్తాద్ మార్చలేదు. జీపు తర్వాత ఏళ్ల తరబడి నడిచింది ఆ నాజిల్‌తోనే.